రేవులో పసుపు దీపాలు

చుట్టుపక్కల అన్ని ఊళ్లకీ ఒకే ఒక్క కారున్న రోజుల్లో, ఏటిగట్టు మీద ఓ జమీందారుండేవాడు. ఎదురుగా ఎవరొచ్చినా ఆయన కారు దీపాలు కిందికి దించేవాడు కాదు. కళ్లు చెదిరి ఎద్దుబళ్లే గట్టు దిగి దారిచ్చేవి. బల్బులు మాడితే పారేయించి కొత్తవి పెట్టించేవాడు.

కారు బాగుచేసే గవరయ్య ఆ బల్బుల్ని దాచాడు. వార్నీషులో పసుపు కలిపి గాజు సీసాలకు పూసి, ఒక్కో సీసాలో ఒక్కో బల్బు అమర్చి, పాత బ్యాటరీకి కలిపి పడవల రేవులో వేలాడదీశాడు. తెల్లవారుజాము పొగమంచులో రేవు బంతిపూల దండలా వెలిగింది. రాళ్లకు కొట్టుకోవలసిన పడవలు కలలో నడిచినట్టు మెల్లగా ఒడ్డు చేరాయి.

సంగతి తెలిసి జమీందారు కారేసుకుని వచ్చాడు.

"మాడిపోయాయని చెప్పి, వెలిగే బల్బులు కొట్టేస్తావురా? అన్నీ ఊడదీసి నా కారుకే పెట్టు!"

"చిత్తం దొరా," అన్నాడు గవరయ్య. "ఒక్కో బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి తలెత్తి చూసే వెలుగుకి, ఒకటి ఎదుటివాడికి తల దించే వెలుగుకి. తమరు వాడిన తీగ మాడిపోయింది. తమరు ఏనాడూ ముట్టనిది కొత్తగా ఉంది. ఇవే పెట్టమంటే పెడతాను. ఇక తమరి కారు అందరికీ తల దించుకునే వెళ్లాలి."

పడవలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏడవనీ, ఇక్కడే ఉండనీ!" అని జమీందారు కారెక్కాడు. పోతూ పోతూ కూడా దీపాలు దించలేదు. ఆ వెలుగు మంచులో కలిసిపోయేదాకా చూసి, గవరయ్య ఇంకో సీసాకి పసుపు పూయడం మొదలుపెట్టాడు.