బుల్లోడికి చదువు రాదు

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే వయసులో చాలా పెద్దదైన బాట ఒకటి ఉండేది. సముద్రపు ఒడ్డునుంచి కొండల మధ్యగా రాజధానికి వచ్చేది. ఆ బాటన ఉప్పు తెచ్చి అమ్ముకునే నూకాలికి తోడు ఒక్కడే, బుల్లోడనే ముసలి గాడిద.

రాజు విక్రమకేతుడికి తన తాతగారంటే మహా గొప్ప. ఆయన యుద్ధానికి వెళ్ళింది ఆ బాటనే కదా! అందుకని శాసనం వేయించాడు. శాసనమంటే రాజుగారి మాటను రాతిమీద చెక్కడం. చెక్కాక దిద్దుకోవడం కాస్త కష్టం. "ఈ బాట రాజ్యమంతటికీ సొత్తు. అరిగిపోకుండా కాపాడవలెను. దీనిమీద ఎవరూ అడుగుపెట్టరాదు."

నూకాలు తిన్నగా సభకే వెళ్ళింది.

"దొరా, చుట్టుదారిన కొండెక్కాలి. నా బుల్లోడు ఎక్కలేడు. ఇక మా పొయ్యి వెలగదు."

"నీ గాడిద డెక్కలకు మా తాతగారి బాట అరిగిపోవాలా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"బాటకు ప్రాణం పోసేదే కాళ్ళు దొరా. నడవకపోతే చచ్చిపోద్ది."

సభంతా గొల్లున నవ్వింది. రాజుకు పౌరుషం వచ్చింది.

"వానలు వెలిశాక పొరుగు రాజుగారికి ఆ బాట చూపించబోతున్నాం. నువ్వూ రా. బాట చెక్కుచెదరకుండా ఉంటే నీ గాడిద మాది. లేదంటే శాసనం నీ ఇష్టప్రకారం మారుస్తాం!"

వానలు వెలిశాయి. ఇద్దరు రాజులూ వచ్చారు. శాసనం రాయి నిక్షేపంగా ఉంది. దాని వెనక నడుమెత్తు గడ్డి, తుమ్మకంప.

"బాటేదిరా?" అన్నాడు రాజు.

"మేమూ అడుగుపెట్టకూడదుగా ప్రభూ! దూరంనుంచే కాపలా కాశాం," అన్నారు భటులు.

"ఎవరూ ముట్టలేదు దొరా," అంది నూకాలు అణకువగా. "కొడవలి కూడా ముట్టలేదు."

పొరుగు రాజు ఉత్తరీయం అడ్డుపెట్టుకుని దగ్గాడు. విక్రమకేతుడు గొంతు తగ్గించి, "నూకాలూ, పరువు పోతోంది. దారి చూపించు," అన్నాడు.

"నాకు శాసనం అడ్డం కదా దొరా! బుల్లోడికైతే చదువు రాదు."

పగ్గం వదిలింది. ఇరవై ఏళ్ళు నడిచిన దారి మరి, బుల్లోడు గడ్డి తోసుకుంటూ ఎక్కడా తడబడకుండా నడిచాడు. వాడి తోక వెనకాలే మహారాజు, ఆయన వెనక అతిథి, రాజే అడుగుపెట్టాక ఇంకేం అడ్డమని ఆఖరున నూకాలు. కొంతదూరం పోయాక బుల్లోడు ఆగి, కంపలో మూతి పెట్టి నీళ్ళు తాగసాగాడు.

అక్కడొక రాతితొట్టి ఉందని నూకాలికి తెలుసు. దానిమీద ఏం రాసుందో కూడా ఒక బాటసారి ఎప్పుడో చదివి చెప్పాడు. అయినా పక్కకు తప్పుకుని రాజుకు చోటిచ్చింది. రాజే వంగి పాచి తుడిచి చదివాడు. కింద తాతగారి పేరుంది. "ఈ బాటన నడిచే ప్రతి ప్రాణికీ."

రాజు ఆ అక్షరాలను వేలితో తడిమి మళ్ళీ చదివాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా తాతగారు కూడా నీ పక్షమే! ఇక ఈ బాటకు నువ్వే అధికారివి నూకాలూ."

"ముందు నడిచింది బుల్లోడు కదా దొరా!"

రాజు నవ్వుతూనే తన పట్టుశాలువా తీసి బుల్లోడికి కప్పాడు. శాసనం రాతిని వెనక్కి తిప్పించి, ఆ వైపున "అందరూ నడవవలెను" అని చెక్కించాడు. పాత రాత చెరిపేయమంటారా అని శిల్పి అడిగితే, "ఉండనీ, అది అప్పుడప్పుడు నేను చదువుకోడానికి," అన్నాడట.