ఇంజనుకు కొత్త బలం

కొండ మీది గూడెం నుంచి ఆసుపత్రికి తెస్తున్న పార్వతి కారులోనే పోయింది. ఆసుపత్రి గేటు కనబడుతుండగానే పోయింది. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నవాడు పైడిరాజు. బండి ఇంకాస్త వేగంగా వెళ్లి ఉంటే బతికేదన్న మాట అతని మనసులో ముల్లులా దిగిపోయింది. ముద్ద సహించదు, కంటికి కునుకు రాదు.

మన్యంలోని కేవలానంద స్వామి ఆశ్రమానికి ఒక భక్తుడు ఇచ్చిన హైబ్రిడ్ కారు అది. పెట్రోలు ఇంజను కొంత, బ్యాటరీ మోటారు కొంత లాగుతాయి. ఎప్పుడు ఏది ఎంత లాగాలో లోపలి కంప్యూటరు చూసుకుంటుంది. కొండ మీద ఎవరికి ఆపద వచ్చినా శిష్యుడు పైడిరాజు ఆ కారు తీసుకుని పరుగెత్తేవాడు.

ఒకనాడు అతను విశాఖ వెళ్లి ఒక చిప్పు, పెద్ద సైలెన్సరు కొనుక్కొచ్చి స్వామి ముందు పెట్టాడు.

"ఇవి బిగిస్తే ఇంజను బలం పెరుగుతుంది స్వామీ. కొండదారి ఘాటీలో ఇక మనల్ని ఆపేది లేదు. అనుమతివ్వండి."

"మరి మోటారుకో?"

"దానికేం అక్కర్లేదు స్వామీ. ఇవి ఒక్క ఇంజనుకే."

"రెంటికీ పొత్తు కుదిర్చే కంప్యూటరు ఏమంటుంది?"

"అదే సర్దుకుంటుందన్నాడు షాపువాడు."

అమ్మేవాడు తన పెరుగు పుల్లనని ఎప్పుడన్నాడు కనక!

అంతలో పై గూడెం నుంచి ఫోను వచ్చింది. సోమన్న భార్య చిలకమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

రోడ్డు ఆగినచోట కారు ఆపి ఇద్దరూ గూడెం ఎక్కారు. అక్కడి నుంచి కిందికి డోలీయే గతి. పొడవాటి కర్రకు దుప్పటిని ఉయ్యాలలా కట్టి, మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. ఆ వేళ మగవాళ్లంతా సంతకు దిగిపోయారు. సోమన్న చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు.

"నువ్వు ముందు పట్టు. నేను వెనక పట్టుకుంటాను," అన్నారు స్వామి.

"మీరా స్వామీ?"

డెబ్బై దాటిన ఆ మనిషి అప్పటికే కర్ర కింద భుజం పెట్టేశారు.

డోలీ ఎత్తగానే పైడిరాజుకి పార్వతి గుర్తొచ్చింది. కాళ్లలోకి ఎక్కడలేని బలం వచ్చింది. దిగుడు బాటలో పరుగులాంటి నడక అందుకున్నాడు. వెనక స్వామి తడబడుతున్నారు. అతను చూసుకోలేదు. వాగు దగ్గర వెనక బరువు ఒక్కసారిగా కుంగింది. చిలకమ్మ కేక పెట్టింది.

స్వామి మోకాళ్ల మీద ఉన్నారు. కర్రను మాత్రం భుజం మీంచి జారనివ్వలేదు.

"స్వామీ! దెబ్బ తగిలిందా?"

"నన్ను కాదు. ఆమెనడుగు."

పైడిరాజు మెల్లగా డోలీ దించి చిలకమ్మ వైపు వంగాడు. ఆమె పెదవి కొరుక్కుంటోంది.

"బాబూ, నీ కాళ్లు మొక్కుతాను. ఇద్దరూ ఒక్కలా నడండి. నువ్వలా లాగేసి, ఆయనలా ఆగిపోతే, నా ప్రాణం పోతంది."

పైడిరాజుకి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. మళ్లీ భుజానికెత్తుకున్నాక వెనక అడుగు చప్పుడు విని తన అడుగు వేశాడు. స్వామి ఆగితే ఆగాడు. డోలీ ఊగడం మానింది. సోమన్న రెండో చేత్తో భార్య చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాడు.

రోడ్డెక్కి ఆమెను కారులో పడుకోబెట్టారు. కారు చప్పుడు లేకుండా కదిలేసరికి, "బండి స్టార్టవలేదేటి బాబూ?" అని సోమన్న గాభరా పడ్డాడు. ఘాటీలో ఎక్కుడు రాగానే మోటారుకి ఇంజను తోడొచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. ఇంజనుకు ఇంకా బలం కావాలని పైడిరాజుకి అనిపించలేదు.

సాయంత్రానికి చిలకమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని నర్సు చెప్పి వెళ్లింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని పైడిరాజు స్వామి మోకాలికి దూదితో మందు అద్దుతున్నాడు.

"ఇవాళ బండి ఎలా నడిచింది?" అడిగారు స్వామి.

"ఒక్కలా నడిచింది స్వామీ."

"పార్వతిని తెచ్చిన రోజూ అలాగే నడిచింది నాయనా. ఆమె తల నా ఒళ్లోనే ఉంది, నాకు తెలుసు. తప్పు బండిదీ కాదు, నీదీ కాదు."

పైడిరాజు చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.