కొర్లమ్మ గంప

సముద్రం ఇప్పటికంటే నాలుగు బారలు అవతల ఉన్న రోజుల్లో గవ్వలరేవు అనే ఊరుండేది. ఆ ఊళ్ళో కొర్లమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ ఉండేది. నెత్తిన గంప, నోట్లో చుట్ట, ఎవరికీ జంకని మనసు, ఇదీ ఆవిడ ఆస్తి.

ఆ ఊరికో కట్టుబాటు ఉంది. ఏడాదికో నెల ఇంటికొక మనిషి ఊరి పనికి రావాలి. నెలలో అయ్యేది ఒక్క పనే. అదేదో సభ తేలుస్తుంది. సభంటే పైవీధి పెద్దలు. వాళ్ళకు పెద్ద జగ్గునాయుడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ఒకరు చెబితే గాని తోచనివాడు.

సభకు రమ్మని బారెడు పొద్దెక్కాక దండోరా వేయించేవాడు. ఆ వేళకి తెప్పలు కడలి మీద ఉంటాయి. ఆడవాళ్ళు సంతలో చేపలమ్ముతుంటారు. ఇక సభకి వచ్చేదెవరు? పైవీధి వాళ్ళే.

మొదటి ఏడు ఊరి ముందు తోరణం కట్టించారు. "ఎవరూ కాదనలేదు కదా!" అన్నాడు నాయుడు. దాని కింద నుంచి ఏనుగులు నడుస్తాయనుకున్నారు, మేకలు నడిచాయి.

రెండో ఏడు సభకో మండపం కట్టించారు. "ఎవరూ కాదనలేదు కదా!" అన్నాడు.

మూడో ఏడు తోరణానికి రెండు సింహాలు చేయిద్దామనుకున్నారు. "ఎవరూ కాదన..." అనబోయేసరికి, మండపం పక్కింటికి బేరానికొచ్చి గుమ్మంలో చేపలు కోస్తున్న కొర్లమ్మ కత్తిపీట మీంచి లేచింది.

"కాదన్డానికి ఎవులున్నారు బాబూ? మీరు పిలిసినేలకి మావు నీళ్ళ మీదుంటాం. మాకేటి కావాలో ఎవులడిగారు?"

నాయుడు బిత్తరపోయాడు. ఎవరూ అడగలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది.

"అయితే నువ్వే అడిగిరావే. గుమ్మం గుమ్మం తిరిగేదానివి నువ్వే కదా. ఎక్కువమంది ఏదంటే ఈ ఏడు ఆ పనే," అన్నాడు.

కొర్లమ్మకు అక్షరం రాదు. గంప కడిగి, పైన గుడ్డ కప్పింది. ఊళ్ళో అందరి నోటా నలిగే పనులు మూడు, అందుకని మూడు మూటలు కట్టింది. మంచినీళ్ళ బావి కావాలన్నవాళ్ళకి గవ్వ. బజారు బాట కావాలన్నవాళ్ళకి గులకరాయి. ఇసుకదిబ్బ మీద దీపం కావాలన్నవాళ్ళకి చింతగింజ. పెద్దింటికైనా పాకకైనా ఒక్కటే.

దీపం సంగతి చెప్పాలి. రేవు నోట్లో రాతిబండలున్నాయి. పొద్దుగూకితే కనపడవు. కొర్లమ్మ పెనిమిటి తెప్ప ఆ బండల మీదే పగిలింది. ఇప్పుడు ఒక్కగానొక్క కొడుకు పైడయ్య ఆ దారినే వస్తాడు. వాడు గడప తొక్కేదాకా ఆ తల్లికి ముద్ద దిగదు. అందుకే తన చింతగింజ అందరికంటే ముందు గంపలో పడింది.

మూడు రోజులు ఊరంతా తిరిగింది. పైవీధి షావుకారు గులకరాయి వేశాడు. తెప్పల వాళ్ళు గింజలు వేశారు. పొరుగింటి చిన్నాలు మాత్రం గవ్వ పట్టుకుని ఏడ్చింది.

"నీ కొడుకు కోసం గింజే ఎయ్యాలక్కా. కానీ నా కోడలు నెలలు నిండిన మనిషి. నీళ్ళకని రెండు కోసులు ఎలా నడుస్తాది?"

"ఎయ్యే పిచ్చిదానా, నీ మనసుకేటి తోస్తే అదే ఎయ్యి," అంది కొర్లమ్మ. గవ్వ గంపలో పడింది.

మూడో రోజు సాయంత్రం గంప బోర్లించి, చేపలు లెక్కబెట్టినట్టు పుంజీలు పుంజీలుగా పేర్చింది. పుంజీ అంటే నాలుగు. రాళ్ళు కొన్నే. గింజల కంటే గవ్వలు మూడంటే మూడే ఎక్కువ. పుంజీడు గింజలు కలిపితే చాలు, దిబ్బ మీద దీపం వెలుగుతుంది. పైడయ్య ఇంకా రేవు చేరలేదు.

మిగిలిన గింజల మూటలోకి చెయ్యి వెళ్ళింది, ఖాళీగా వచ్చింది. కడలి హోరు విని మళ్ళీ వెళ్ళింది, ఖాళీగా వచ్చింది. పెనిమిటి గుర్తొచ్చి మూడోసారి వెళ్ళింది. గింజలు పిడికిట్లోకి వచ్చాయి కూడా. చిన్నాలు ఏడుపు గుర్తొచ్చి పిడికిలి విప్పేసింది. చెయ్యి ఖాళీగానే వచ్చింది. నడిరేయి పైడయ్య గడప తొక్కాకే ఆవిడకి ముద్ద దిగింది.

మర్నాడు సభలో గంప బోర్లించింది. నాయుడు స్వయంగా లెక్కపెట్టాడు.

"బావే గెలిచింది. ఇందులో నీదేదే?"

"గింజ బాబూ."

నాయుడికి ఆవిడ పెనిమిటి సంగతి తెలుసు. గవ్వల్నీ గింజల్నీ మరోసారి లెక్కపెట్టాడు.

"పుంజీడు ఏసుకుంటే సరిపోయేది కదే? ఎవరు చూడొచ్చారు?"

"ఏసుకుంటే నా కొడుక్కి దీపం దొరుకును. మరోపాలి ఈ గంపలో ఎవులేస్తారు బాబూ?"

పెద్దలు తలలు దించుకున్నారు. ఊరంతా కలిసి బావి తవ్వింది. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు పడ్డాయి. తొలి కడవ తెచ్చి కొర్లమ్మ గుమ్మంలో దించారు. చిన్నాలు కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఏం పేరు పెట్టారో వేరే చెప్పాలా?

తొలి కడవ దించిన సాయంత్రమే చిన్నాలు గాలికి ఆరకుండా కుండలో దీపం పెట్టుకుని దిబ్బ ఎక్కింది. "ఇదెవరు చెప్పిన పనే?" అని అడిగింది కొర్లమ్మ. "ఊరి పని కాదక్కా, మా ఇంటి పని," అంది చిన్నాలు. మర్నాడు ఆ పక్కింటివాళ్ళు ఎక్కారు, ఆ మర్నాడు ఆ పక్కవాళ్ళు. చివరికి పైవీధి వంతూ వచ్చింది. జగ్గునాయుడు పంచె ఎగ్గట్టి, ఇసుకలో ఆయాసపడుతూ దీపం మోశాడు. పైడయ్య తెప్ప ఏ రోజూ బండల దిక్కు పోలేదు. కొర్లమ్మ కళ్ళనిండా కొడుకుని చూసుకుని, మనవల్ని ఎత్తుకుని, పండు ముసలిదై కన్నుమూసింది. ఆ రోజు ఊళ్ళో ఒక్క పొయ్యీ వెలగలేదు.

ఇప్పుడక్కడ పురపాలక సంఘం ఉంది. సభ మాత్రం తెప్పలన్నీ ఒడ్డెక్కాకే. ముందు గంప ఇల్లిల్లూ తిరగాలి. అడక్కుండా ఎవరైనా పని తలపెడితే, "కొర్లమ్మ గంప తిరిగిందా?" అంటారు. ఆ మాటకి ఎంత పెద్దవాడైనా ఆగాల్సిందే.

రేవులో సర్కారువారి దీపస్తంభం కూడా వచ్చింది. ఆమడ దూరం కనిపిస్తుంది. అయినా పొద్దుగూకేసరికి వంతు వచ్చిన ఇంటివాళ్ళు కుండలో దీపం పెట్టుకుని దిబ్బ ఎక్కుతూనే ఉంటారు. అంత పెద్ద దీపముండగా ఇదెందుకని అడిగి చూడండి.

"అది దారికి. ఇది ఆయమ్మకి," అంటారు.