సూదమ్మ మూసిన మూడు కన్నాలు

అనగనగా వాన మొదలైతే ఇక విడవని ఒక కొండ అడవి. అక్కడ మబ్బులు కొండ మీంచి దిగి, మేత ముగించుకున్న ఆవుల్లా చెట్ల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళేవి. ఆ అడవిలో ఒక పెద్ద రాతి కింద, బొరియలో, సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమెకు లేకలేక పుట్టిన కూతురు బుజ్జిముల్లు. అందుకే సూదమ్మకు పులికంటే గాలంటే ఎక్కువ భయం.

"గాలి తగిలితే పసిదానికి జలుబు చేస్తుంది" అనేది.

ఆ బొరియకు మూడు కన్నాలు. వానలు మొదలవగానే ఒకదాంట్లో ఆకులు కుక్కింది. బిడ్డ తుమ్మితే రెండోదాన్ని బంకమట్టితో మెత్తింది. మూడోది రాకపోకల దారి. బిడ్డ దగ్గితే దానికీ ఒక రాయి అడ్డం పెట్టింది. ఇల్లు వెచ్చగా అయింది. తల్లీబిడ్డలు బూరుగుదూది పరుపు మీద ముడుచుకుని పడుకుంటే, ఏది కలో ఏది మెలకువో తెలిసేది కాదు.

కొన్నాళ్ళకి పైరాతికి చిన్నచిన్న నీటిబొట్లు పట్టాయి. గోడ మూలల్లో తెల్లగా, మెత్తగా ఏదో మొలిచింది.

"అమ్మా, మనింటి గోడకి వెన్నెల మొలిచింది" అంది బుజ్జిముల్లు ముచ్చటపడుతూ.

వెన్నెల కాదు పిల్లలూ, బూజు. సూదమ్మ దాని మీద తడిమట్టి అలికేసింది. కనబడకపోతే లేనట్టే అనుకుంది, పిచ్చి తల్లి. రెండు రోజులకి ఆ మట్టి మీదా పట్టింది, ఈసారి నల్లగా. బిడ్డకు దగ్గు ఎక్కువైంది. దగ్గినప్పుడల్లా దాని చిట్టి ముళ్ళు గలగలమనేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తిండి కూడా మానేసింది.

తప్పెవరిదో ఆమె తేల్చేసుకుంది. అదే రాతి పైన ఉడుము తాత కాపురం. విసవిసా ఎక్కి వెళ్ళింది.

"తాతా, మీ ఇంటి నీళ్ళు మా ఇంట్లోకి కారుతున్నాయి. నా బిడ్డకేమైనా అయితే ఊరుకోను."

తాత పోట్లాడలేదు. "లోపలికొచ్చి చూడు తల్లీ" అన్నాడు.

ఆ ఇంట్లో చుక్క తడి లేదు. గాలి ఒక కన్నంలోంచి వచ్చి, గడ్డిపరకల్ని కదిపి, ఇంకో కన్నంలోంచి వెళ్ళిపోతోంది. "మరి మా ఇంట్లో నీళ్ళెక్కడివి?" అంది సూదమ్మ.

ఇద్దరూ కిందికి వచ్చారు.

"ఆ చల్లటి రాతి మీద ఒకసారి ఊదు" అన్నాడు తాత.

సూదమ్మ ఊదింది. రాయి చెమర్చింది.

"చూశావా, ఇది మీ ఊపిరే. బయటికి దారి లేక చుక్కలవుతోంది. ఆ చెమ్మతోనే బూజు పెరుగుతోంది. పిల్ల పీల్చేదీ ఆ బూజు గాలే. కన్నాలు తెరువు. బూజంతా గోకి పారెయ్యి. పరుపూ పారెయ్యాలి."

"మరి గాలి తగిలితే?"

"బిడ్డకు వెచ్చగా కప్పు. ఇంటిని మాత్రం మూయకు."

సూదమ్మ బిడ్డవంక చూసింది. తెరిస్తే గాలి భయం, తెరవకపోతే ఆ దగ్గు. ఆఖరికి ఆకులు లాగేసింది, మట్టి పెళ్ళగించింది, రాయి దొర్లించింది, గోడల మీది బూజంతా గోకి పారేసింది. వేసవంతా ఏరి తెచ్చిన దూదిని బయట పారేసి, తాత ఇచ్చిన ఎండుగడ్డి పరిచింది.

గాలి లోపలికి రాబోయింది. సూదమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి కన్నానికి వీపు ఆనించి కూర్చుంది.

"సూదమ్మా, మట్టి తీసేసి ఇప్పుడు నువ్వు అడ్డం కూర్చున్నావు" అన్నాడు తాత మెల్లగా.

ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని పక్కకి జరిగింది. వాన వాసనతో గాలి వచ్చి బిడ్డ ముఖాన్ని తాకింది.

బుజ్జిముల్లు ఆ రోజూ దగ్గింది. మర్నాడు కాస్త తగ్గింది. మూడోనాడు పొద్దున్నే లేచి, గుండెల నిండా గాలి పీల్చుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

నీతి: ఆపదంతా బయటే ఉందని అన్నీ మూసుకుని కూర్చుంటే, లోపల పుట్టే ఆపదకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు.