మిట్టమధ్యాహ్నపు కేక

నాలో ఒక మంచి గుణం ఉంది. నా నోటితో నేను చెప్పుకోకూడదు గాని, చెప్పకపోతే మీకు తెలిసే దారి లేదు. ఎవరైనా ఆరోగ్యం గురించి సలహా ఇస్తే నేను దాన్ని దాచుకోను. ఒక్కసారైనా వాడకుండా, కొత్తది కొత్తగానే పక్కవాళ్లకు ఇచ్చేస్తాను. ఇంత దానగుణం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఈ కథ కూడా అలా ఇచ్చేస్తున్నదే. తీసుకోండి.

మడుగులకోన అని ఒక అడవి ఉండేది. అందులో చుక్కల జింకలు, కొండముచ్చులు, నెమళ్లు, కుందేళ్లు ఉండేవి. ఒక చిరుతపులి కూడా ఉండేది. వానాకాలంలో ఆ కోన నిండా మడుగులే. వేసవి మొదలయ్యేసరికి రెల్లుపొదల పక్కన ఒకే ఒక్క మడుగు మిగిలేది. దాని పైనున్న బండ సందులోంచి ఒక ఊట కారేది. ఆ నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి.

చిరుతపులి పేరు ఎవరూ పైకి అనేవారు కారు. "ఆయన" అనేవారు. ఆ ఒక్క మాట వినబడితే చాలు, జింకపిల్లలు తల్లి పొట్ట కిందికి దూరేవి.

ఆ కోనకు కాపలాదారు ఏకాంబరం. ఏకాంబరం ఒక కొండముచ్చు. ఎత్తైన మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని నాలుగు దిక్కులూ చూసేవాడు. చిరుత జాడ కనిపిస్తే కేక వేసేవాడు. కేక వినగానే జింకలు పరుగు తీసేవి. ముందు పరిగెత్తాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఇది జింకల పాతకాలపు కట్టుబాటు. అలా పరిగెత్తే ఇన్నాళ్లూ బతికాయి.

ఆ యేడు చలికాలం వెళ్లిపోతూ ఒక పెద్దబాతును అక్కడ వదిలి వెళ్లింది. దాని తల మీద రెండు నల్లటి పట్టెలుండేవి. మంచుకొండల మీదుగా చైనా దేశం నుంచి ఎగిరివచ్చిన గుంపులోది అది. రెక్క కమిలిపోయి తిరిగి ఎగరలేకపోయింది. తోటి బాతులు కొన్నాళ్లు చూసి వెళ్లిపోయాయి. జింకలు దాన్ని పెద్దమ్మా అని పిలిచేవి.

ఎండలు మొదలైన కొత్తలో పెద్దబాతు అందరినీ మడుగు దగ్గరికి రమ్మంది. తమ దేశంలో సరస్సు గట్టున ఒక ముసలి వైద్యుడు ఉండేవాడట. వేసవి అడుగుపెట్టిన రోజు నుంచి, వచ్చినవాళ్లందరికీ అవే మాటలు విసుగు లేకుండా చెప్పేవాడట. పొద్దున్నే లేచి చల్లపూట మేత మేయాలి. మధ్యాహ్నం కాసేపు నీడలో కళ్లు మూసుకోవాలి. కడుపు నిండా కాకుండా కొంచెం వెలితిగా తినాలి. నోటికి ఇష్టం లేకపోయినా కాస్త చేదు తినాలి. ఒళ్లు సెగలు కక్కుతుండగా చల్లటి నీళ్లు గటగటా తాగకూడదు. కోపం తగ్గించుకోవాలి, కంగారు ఇంకా తగ్గించుకోవాలి.

"వేసవి గుండెకు పరీక్ష," అంది పెద్దబాతు. "బయట ఎండ పెరిగినకొద్దీ గుండెలో నిప్పు పెరుగుతుందని మా వైపు అంటారు. ఆ నిప్పును మీరు ఊదకండి. అంతే."

ఏకాంబరం కొమ్మ మీద నుంచి పకపకా నవ్వాడు.

"ఏమమ్మా పరదేశీ, మధ్యాహ్నం వీళ్లంతా పడుకుంటే ఆయన వచ్చి జోల పాడతాడా?"

జింకలు కూడా నవ్వాయి. నవ్వుతూనే వెనక్కి తిరిగి చూసుకున్నాయి.

ఈ వేసవంతా తాను కన్ను మూయనని ఏకాంబరం అందరి ముందూ చెప్పాడు. పగలూ రాత్రీ కాపలా తనదేనన్నాడు. అలాంటి కాపలా ఈ అడవిలో ఇంతకుముందు ఎవరూ కాయలేదని కూడా తనే చెప్పాడు.

"కన్ను మూయనివాడికి కొన్నాళ్లకు లేనివి కనబడతాయి నాయనా," అంది పెద్దబాతు మెల్లగా. ఆ మాట కొమ్మ దాకా చేరలేదు.

ఎండలు ముదిరాయి. మద్దిచెట్టు ఆకులు రాలిపోయాయి. చిటారుకొమ్మ మీద నీడ అన్నది లేకుండా పోయింది. ఏకాంబరం అక్కడే కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. వేడిగాలికి దూరంగా ఉన్న పొదలు నీళ్లలో ఉన్నట్టు కదిలేవి. ఆకుల నీడలు పడిన నేల మచ్చల చర్మంలా కనబడేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఏకాంబరం కేక వేశాడు. "తూర్పున, తూర్పున," అని అరిచాడు.

జింకలు పడమటికి పరిగెత్తాయి. నెత్తి మీద ఎండ, కాళ్ల కింద చుర్రుమనే బండలు. పరుగు ఆగేసరికి ఒక ముసలి దుప్పి కూలబడింది. దాని డొక్కలు కాసేపు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.

సాయంత్రం చల్లబడ్డాక ఆయన వచ్చాడు. తెల్లారేసరికి అక్కడ కొమ్ములు మాత్రం మిగిలాయి.

"చూశారా?" అన్నాడు ఏకాంబరం. "ఆయన ఉన్నాడని నేను చెప్పలేదూ?"

జింకలు మద్దిచెట్టు వైపు తలలు వంచాయి. ఏకాంబరం లేకపోతే ఇంకెన్ని పోయేవో అనుకున్నాయి.

మర్నాడు మళ్లీ కేక. ఆ మర్నాడు మళ్లీ. కేక వేసినప్పుడల్లా పరుగు, పరుగు తీసినప్పుడల్లా ఒకరు కూలడం. చావు కళ్లబడిన ప్రతిసారీ ఏకాంబరం మాట నిజమైనట్టే ఉండేది. జింకలకు మేత సహించడం మానేసింది. ఎండుటాకు రాలినా ఉలిక్కిపడేవి. లోకంలో అందరూ చీకటికి భయపడతారు. మడుగులకోనలో మాత్రం పొద్దు నెత్తి మీదికి వస్తోందంటే వణుకు మొదలయ్యేది.

ఆ గుంపులో సిరిచుక్క అనే తల్లి జింక ఉండేది. దాని పిల్ల పేరు మిణుగు. ఒకరోజు పరుగు తర్వాత మిణుగు లేవలేదు. నాలుక బయటికి వేలాడింది. గుండె చప్పుడు పక్కనున్నవాళ్లకు కూడా వినబడుతోంది. సిరిచుక్క భయపడి పిల్లను ఊట కిందికి నెట్టబోయింది.

పెద్దబాతు అడ్డం వచ్చింది. కాగిన ఒంటి మీద అంత చల్లటి నీళ్లు ఒక్కసారిగా పడితే మంచిది కాదంది. మడుగు పక్కన ఒక బండ కింద, తుప్పల చాటున చెమ్మ నేల ఉంటే, పిల్లను అక్కడ పడుకోబెట్టించింది. మడుగు నీళ్లు ముక్కుతో తెచ్చి బొట్టుబొట్టుగా నోట్లో వేసింది. వేపచిగురు నమిలి రమ్మని తల్లికి చెప్పింది. పిల్లను రేపు మధ్యాహ్నం కదిలించవద్దంది.

"కేక వినబడితే?" అని అడిగింది సిరిచుక్క.

పెద్దబాతు పిల్ల డొక్క మీద ముక్కు ఆనించి చూసింది.

"పరిగెత్తితే వీడు పోతాడు," అంది చివరికి. "పరిగెత్తకపోతే పోవచ్చు, పోకపోవచ్చు. నాకు తెలిసింది అంతే తల్లీ."

మర్నాడు పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మద్దిచెట్టు మీద నుంచి కేక పడింది. "తూర్పున, తూర్పున." గుంపు లేచింది. డెక్కల చప్పుడు బండ పక్క నుంచే పోయింది. సిరిచుక్క కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. మిణుగు నిద్రలో ఉన్నాడు. సిరిచుక్క పళ్లు బిగించి మళ్లీ పడుకుంది. గుంపు వెళ్లిపోయింది. దుమ్ము మెల్లగా నేలకు దిగింది. అడవిలో చప్పుడు లేదు.

అప్పుడు వాసన తగిలింది.

వాసన తూర్పు నుంచి రావడం లేదు. ఎదురుగా, ఎండిన వాగు అవతల నుంచి వస్తోంది. సిరిచుక్క తుప్పల సందులోంచి చూసింది. నేరేడుచెట్టు నీడలో ఆయన పడుకుని ఉన్నాడు. వెల్లకిలా, కాళ్లు గాలిలోకి పెట్టి, పొట్ట మీద ఈగలు తోలుకోకుండా నిద్రపోతున్నాడు.

ఏకాంబరం ఇంకోసారి తూర్పు తూర్పని అరిచాడు. ఆయన చెవి ఒకటి కదిలింది. ఒక కన్ను తెరిచాడు. జింకలు ఎటు పరిగెత్తాయో దుమ్మును బట్టి చూసుకున్నాడు. ఆవులించి మళ్లీ కన్ను మూశాడు.

సిరిచుక్కకు అప్పుడు అర్థమైంది. ఈ వేసవిలో ఆయన ఒక్క జింకను కూడా వేటాడలేదు. పడిపోయినవాటిని సాయంత్రం వెళ్లి ఏరుకుంటున్నాడు.

పొద్దు వాలాక ఆయన లేచాడు. ఒళ్లు విరుచుకున్నాడు. వాగు దాటి బండ వైపే నడిచి వచ్చాడు. గాలి ఆయన వైపు నుంచి వీస్తోంది కాబట్టి తల్లీపిల్లల వాసన ఆయనకు అందలేదు. బండ పక్కన ఆగాడు. మీసాలు కదలడం కూడా సిరిచుక్కకు కనబడుతోంది. పక్కనే ఉన్న పెద్దబాతు తల రెక్క కింద దాచుకుంది. మిణుగు గనక ఇప్పుడు కలవరిస్తే ముగ్గురి కథా ఇక్కడే ముగిసేది. మిణుగు కలవరించలేదు. ఆయన దుమ్ము జాడ పట్టుకుని, తొందర లేకుండా, పడమటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూడా గుంపులో ఒకటి తగ్గింది. మిణుగు మాత్రం కళ్లు తెరిచి పాలు తాగాడు.

సిరిచుక్క గుంపు దగ్గరికి వెళ్లి తాను చూసింది చెప్పింది. చాలామంది నమ్మలేదు. బిడ్డకు బాగాలేక మతి చలించిందన్నారు. కేక విని పడుకోవడమా అని గుంపుపెద్ద కసురుకున్నాడు. పరిగెత్తడం తప్ప జింకకు ఇంకేం తెలుసని అడిగాడు.

"మా బాతులు ఎక్కడ దిగినా పడుకునే పద్ధతి ఒకటుంది," అంది పెద్దబాతు. "అందరం ఒకేసారి పడుకోం. వంతులవారీగా ఒకరు నిలబడతాం. ఆ ఒకరు కళ్లతోనే కాదు, ముక్కుతోనూ చూడాలి. నిజంగా వాసన తగిలితే కాలితో నేలను కొట్టండి. అప్పుడు పరిగెత్తండి. దానికోసం దాచుకున్న కాళ్లు అప్పుడు పనికొస్తాయి."

మొదటి వంతు తనదేనంది సిరిచుక్క. తాను చెప్పింది అబద్ధమైతే ముందు పోయేది తానూ తన బిడ్డేనంది. ఆ మాటకు గుంపుపెద్ద తల దించుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కేక వినబడింది. జింకల చర్మాలు జలదరించాయి. ఒక్కటీ కళ్లు మూయలేదు. అయినా లేవలేదు. అన్నీ సిరిచుక్క కాళ్ల వైపే చూశాయి. సిరిచుక్క గాలిని పీల్చింది. ఇంకోసారి పీల్చింది.  కాలితో నేలను కొట్టలేదు.

తూర్పు నుంచి ఎవరూ రాలేదు. కాసేపటికి ఒక కుర్ర దుప్పికి కునుకు పట్టింది. దాన్ని చూసి పక్కదానికి పట్టింది.

పైన ఏకాంబరానికి కోపం వచ్చింది. మళ్లీ అరిచాడు. ఈ కొమ్మ మీద నుంచి ఆ కొమ్మ మీదికి దూకుతూ అరిచాడు. జింకజాతికి విశ్వాసం లేదన్నాడు. తాను నిద్ర మాని కళ్లు పోగొట్టుకుంటున్నది ఎవరికోసమని అడిగాడు. జవాబు రాకపోయేసరికి ఇంకా అరిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు.

పొద్దు వాలుతుండగా ఒళ్లంతా సెగలతో చెట్టు దిగాడు. ఊట దగ్గరికి వెళ్లి, ఆ చల్లటి నీళ్లు ఊపిరి తిప్పుకోకుండా కడుపు నిండా తాగాడు. మళ్లీ కొమ్మ ఎక్కబోయాడు. పొట్టలో మెలి పెట్టింది. కళ్లు తిరిగాయి. చేయి జారింది. ఎండుటాకుల మీద దబ్బున పడ్డాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మచ్చలున్నాయి. ఈసారి అవి ఆకుల నీడలు కావు.

"బాగా కష్టపడ్డావు ఏకాంబరం," అన్నాడు ఆయన. "నువ్వు పరిగెత్తించావు, నేను ఏరుకున్నాను. ఇవాళ ఎవరూ పరిగెత్తలేదు. నాకేమో ఆకలిగా ఉంది."

 మధ్యాహ్నం నువ్వు తూర్పున లేవా అని ఏకాంబరం అడిగాడు.

"మధ్యాహ్నం నేను పడుకుంటాను," అన్నాడు ఆయన. "ఆ బాతు చెప్పిన రోజు రెల్లుపొదలో నేనూ ఉన్నాను. శ్రద్ధగా విన్నాను. నువ్వే నవ్వుతూ ఉండిపోయావు."

ఆ తర్వాత మద్దిచెట్టు మీద నుంచి ఏకాంబరం కేక మళ్లీ ఎవరికీ వినబడలేదు.

గాలి తిరిగింది. జింకల దగ్గర ఒక కాలు నేలను గట్టిగా కొట్టింది. గుంపంతా ఒక్కసారిగా లేచింది. నిద్రతో తేరుకున్న ఒళ్లు, చల్లబడిన నేల. బాణాల్లా పోయాయి. మిణుగు తల్లి తోక పట్టుకున్నట్టు వెంటే పరిగెత్తాడు. ఆ సాయంత్రం ఒక్కటీ తగ్గలేదు.

ఆ తర్వాత కూడా ఆయన కొన్నాళ్లు ఆ కోనలోనే ఉన్నాడు. తిండికోసం తానే పరిగెత్తాల్సి వచ్చింది. పరిగెత్తినా ప్రతిసారీ దొరికేది కాదు. తొలకరి పడేలోగా వాగు దాటి ఎటో వెళ్లిపోయాడు. మళ్లీ చలికాలం వచ్చేసరికి పట్టెల తలల బాతులు మడుగుల్లో దిగాయి. తమ పెద్దది బతికే ఉండడం చూసి అవి ఆశ్చర్యపోయాయి. దాని పక్కన మొలక కొమ్ములతో ఒక కుర్ర జింక నిలబడి, ముక్కు పైకెత్తి గాలి పీలుస్తోంది. ఆ వంతు మిణుగుది.

అయితే ఒక సంగతి చెప్పాలి. మడుగులకోనలో ఇప్పటికీ పొద్దు నెత్తి మీదికి వచ్చినప్పుడు జింకల గుండెలు కాస్త గట్టిగానే కొట్టుకుంటాయి. భయం పోలేదు. దాన్ని పక్కన పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాయి.

నీతి: ఎండలో ఒంటిని కాపాడుకోవాలంటే ముందు గుండెను నిమ్మళంగా ఉంచుకోవాలి, ఎవరి కేక విన్నా కాళ్లకు పని చెప్పే ముందు ఒకసారి గాలి పీల్చి చూడాలి. ఇది మీకు ఇచ్చేశాను, నా దగ్గర మిగల్లేదు. ఇది రాస్తున్నది మిట్టమధ్యాహ్నం, పక్కన ఐసుముక్కలు వేసిన నీళ్లున్నాయి, వీధిలో ఎవరో అరిస్తే ఇప్పుడే లేచి కిటికీ దాకా పరిగెత్తి వచ్చాను. పడుకోవడం నాకింకా రాలేదు.