తోలుబొమ్మల పెట్టె, సిగ్గుపడే నెమలి

రండి, రండి. ఆ గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళంతా ఇట్లా చాప మీదికి వచ్చి కూర్చోండి. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూనే వినండి, తప్పులేదు. ఇది రాజుల కథ కాదు, నక్కల కథ అంతకంటే కాదు. కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోయే కాలం నాటి కథ. అప్పట్లో దానికి పూల గుడ్డతో ముసుగు కుట్టించేవాళ్ళు. పొద్దున్నే అగరువత్తి వెలిగించి గానీ మీట నొక్కేవాళ్ళు కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లను కంప్యూటరులో గీసే తిప్పేస్వామి అనే అతను ఉండేవాడు; పనిలో దిట్టే గానీ, ఎవరి కంప్యూటరు ముందు కూర్చున్నా అది తన సొంతమే అనుకునేవాడు.

అతని ప్రోగ్రాం బాగా పాతది. గీసిన బొమ్మను గళ్ళు గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఏ రంగు దారం రావాలో చెప్పేది. దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండను మగ్గం మీద వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, చీర మీద పువ్వు విచ్చుకుంటుంది. చీరల కొట్లవాళ్ళు పిలిస్తే తిప్పేస్వామి అక్కడికే వెళ్ళి గీసి చూపించేవాడు. వెళ్ళగానే తన సీడీ పెట్టి వాళ్ళ కంప్యూటరులో ప్రోగ్రాం ఎక్కించేవాడు. పని అయ్యాక దులుపుకుని లేచి వచ్చేసేవాడు.

"నీ ప్రోగ్రాం తీసేసి పోప్పా," అంటే, "ఉండనీలే అన్నా, అదేమన్నా అన్నం అడుగుతుందా?" అని నవ్వేవాడు.

అన్నం అడగలేదు గానీ, అది అంతకంటే పెద్ద పనే చేసింది. ఊళ్ళో అట్టలు కొట్టే యంత్రం దాదాపీర్ దగ్గర ఉండేది. ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటరులోనే అతను బిల్లులు కూడా రాసుకునేవాడు. ఒకసారి తిప్పేస్వామి అక్కడా తన ప్రోగ్రాం ఎక్కించి పోయాడు. ఎక్కించినప్పుడు ఇట్లాంటి ప్రోగ్రాంలు కొన్ని ఫైళ్ళను తమ గదిలో పెట్టుకోవు, కంప్యూటరు వంటింట్లాంటి చోట పెడతాయి. అందరూ వాడుకునే ఫైళ్ళు అక్కడ ఉంటాయి. దాదాపీర్ బిల్లులకు కావలసిన ఫైలూ అక్కడే, అదే పేరుతో ఉంది. దాని మీద తిప్పేస్వామి పాత ఫైలు వచ్చి కూర్చుంది. ఉప్పు డబ్బాలో ఎవరో వంటసోడా పోసి పోయినట్టయింది. మరునాడు దాదాపీర్ బిల్లు తీస్తే తెలుగు అక్షరాలు పోయి, కాకి గీతలు వచ్చాయి. పెళ్ళిళ్ళ కాలం, కొట్టు ముందు జనం. ఆ వారమంతా అతను చేత్తో బిల్లులు రాస్తూ తిప్పేస్వామిని తలచుకోని గంట లేదు.

ఆ సంగతి ఊరంతా పాకింది. "తిప్పేస్వామి వచ్చిపోయిన కంప్యూటరు, పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిల్లు, రెండూ ఒకటే," అని మగ్గాల వీధిలో నవ్వుకునేవాళ్ళు. అతను మాత్రం పట్టించుకోలేదు.

అట్లా ఉండగా వేసవిలో ఒక గాలివాన వచ్చింది. పిడుగు పడి తిప్పేస్వామి సొంత కంప్యూటరు మాడిపోయింది. డిజైన్లు దాచిన డిస్కు ఒక్కటే బతికింది.

మరునాడు ఓబులమ్మ వచ్చింది. చేయి తిరిగిన నేతగత్తె, పెద్దావిడ. ఆమె భర్త హనుమంతప్ప పోయి అప్పటికి ఏడాది. పోయేముందు, చూపు మసకబారుతున్నా, ఆయన తిప్పేస్వామి పక్కన కూర్చుని మనవరాలి పెళ్ళిచీర కోసం ఒక నెమలిని గీయించాడు. "మెడ ఇంకొంచెం వంచు నాయనా. అది పెళ్ళికూతురి నెమలి, సిగ్గుపడల్ల," అని చెప్పి చెప్పి దిద్దించాడు. ఇప్పుడు పెళ్ళి దగ్గరపడింది. చీర ఒళ్ళంతా నేయడం అయింది. నెమలి రావలసిన కొంగు దగ్గర మగ్గం ఆగి ఉంది.

"ఏం నాయనా, మా ఆయన నెమలి ఉందా, పోయిందా?" అంది ఓబులమ్మ, గడపలోనే నిలబడి.

"ఉందవ్వా. డిస్కులో భద్రంగా ఉంది."

"ఉంటే ఇయ్యి మరి."

"దాన్ని తెరిచే కంప్యూటరు కావల్లవ్వా. నా ప్రోగ్రాంలో తప్ప అది తెరుచుకోదు."

"ఊళ్ళో ఇన్ని కంప్యూటర్లున్నాయి. నీకొకటి ఇయ్యరా?" అంది ఆమె అమాయకంగా.

తిప్పేస్వామి ఆ పూటే బయలుదేరాడు. మొదటి కొట్టులో యజమాని అతన్ని చూడగానే కంప్యూటరుకు ముసుగు కప్పేశాడు. రెండో కొట్టులో, "కరెంటు లేదప్పా," అన్నారు. తలమీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ఆఖరికి దాదాపీర్ దగ్గరికి పోయాడు.

"అన్నం అడగదంటివి గదా! నా బిల్లులే తినేసింది," అన్నాడు దాదాపీర్. "కూర్చో, టీ తాగు. కంప్యూటరు మాత్రం అడగొద్దు."

తిప్పేస్వామి టీ సగంలోనే వదిలేసి లేచాడు. మాడిన పెట్టెను బాగుచేయడానికిచ్చిన ఈరన్న కొట్టు మెట్ల మీద వచ్చి కూలబడ్డాడు. దీనికి బోర్డు బెంగళూరు నుంచి రావాలని, పెళ్ళిలోగా రాదని ఈరన్న ముందే చెప్పాడు. ఇప్పుడు సంగతంతా విని తల గోక్కుని అన్నాడు:

"వాళ్ళ కంప్యూటరును ముట్టుకోకుండా నీ ప్రోగ్రాం నడిపే దారి ఒకటుందిలే. ఈమధ్య ఒక సాధనం వచ్చింది. నీ ప్రోగ్రాంను, దానికి కావలసిన ఫైళ్ళన్నిటితో సహా ఒకే మూట కడుతుంది. ఆ మూటను పెన్‌డ్రైవులో వేసుకుని యాడికైనా పో. ఎవరి కంప్యూటరులో విప్పినా అది మూటలోపలే ఒక ఉత్తుత్తి ఇల్లు కట్టుకుని, అదే నిజం ఇల్లనుకుని నడుస్తుంది. ఏం రాసుకున్నా మూటలోనే రాసుకుంటుంది. కంచె దాటి బయట కాలు పెట్టదు."

తిప్పేస్వామి మెల్లగా, "తోలుబొమ్మల తాత పెట్టె మాదిరి," అన్నాడు.

చిన్నప్పుడు నిమ్మలకుంట వైపు నుంచి వాళ్ళ వీధికి ఒక తోలుబొమ్మల తాత వచ్చేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు, ఇంత జాగా తప్ప. తెర ఆయనదే, దీపాలు ఆయనవే, తాళాలు, గజ్జెలు, గుంజలు అన్నీ ఆయన చెక్కపెట్టెలోనే ఉండేవి. ఆ పెట్టె తెరిస్తే ఏ ఊరైనా లంక అయ్యేది. తెల్లవారి పిల్లలు కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి తాత వంగి, గుంజలు పాతిన గుంటల్లో మన్ను పోసి, చెంబెడు నీళ్ళు చల్లి, కాలితో తొక్కి చదును చేస్తుండేవాడు.

"తాతా, ఆట అయిపోయె గదా, గుంటలెందుకు పూడుస్తావు?" అని అడిగాడు చిన్న తిప్పేస్వామి.

"మన ఆట గుర్తుండల్ల గానీ, మన గుంటలు గుర్తుండకూడదు అబ్బయ్యా. అప్పుడే మళ్ళీ రమ్మంటారు," అన్నాడు తాత.

ఆ తడిమన్ను వాసన ఇన్నేళ్ళకు మళ్ళీ తగిలినట్టయింది తిప్పేస్వామికి. ఊళ్ళో తను ఎన్ని కంప్యూటర్లలో గుంటలు తీసి వచ్చాడో తలచుకుంటే సిగ్గేసింది.

ఈరన్న ఒక కంప్యూటరును శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. అందులో ఏమీ లేదు, అప్పుడే అలికిన నేల మాదిరి ఉంది. మూట కట్టే సాధనం ముందు ఆ ఖాళీ నేలను ఒకసారి చూసుకుంది. తిప్పేస్వామి తన ప్రోగ్రాం ఎక్కించాక మళ్ళీ చూసుకుంది. తడి అలుకు మీద పాదాలు పడినట్టు, ఆ ప్రోగ్రాం ఎక్కడెక్కడ కాలు పెట్టిందో అంతా తెర మీద కనబడింది.

"అబ్బా! ఇన్ని చోట్ల తిరిగిందా ఇది!" అన్నాడు తిప్పేస్వామి.

"ఇన్నాళ్ళూ తిరిగింది ఎవరిళ్ళల్లోనో గదా, నీకెట్లా తెలుస్తుంది!" అన్నాడు ఈరన్న నవ్వుతూ.

ఆ అడుగులన్నీ ఏరి సాధనం మూట కట్టింది. నెమలిని తెరిస్తే చాలదు, అట్టలు కొట్టే యంత్రం దాదాపీర్ దగ్గరే ఉంది కాబట్టి, తిప్పేస్వామి ఆ మూటను, పాత డిస్కులోని ఫైళ్ళను పెన్‌డ్రైవులో వేసుకుని మళ్ళీ అతని దగ్గరికే పోయి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దాదన్నా, ఆ రోజు నేను చేసింది తప్పే. ఈసారి నీ కంప్యూటరులో ఏమీ ఎక్కించను. ఇందులోనే నడుపుకుని, ఇందులోనే తీసుకుపోతా. హనుమంతప్ప తాత నెమలి అన్నా."

హనుమంతప్ప పేరు వినేసరికి దాదాపీర్ మెత్తబడ్డాడు. కుర్చీ జరిపి, "నమాజుకు పోయొస్తా. నమ్మి పోతున్నా అనుకోవద్దు, వేళయింది కాబట్టి పోతున్నా," అన్నాడు.

తిప్పేస్వామి మూట విప్పాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. నెమలీ వచ్చింది. కానీ ఒళ్ళంతా బొగ్గులా నల్లగా వచ్చింది! అంతలో అతనికి గుర్తొచ్చింది. హనుమంతప్ప ఏరి కలిపిన రంగుల ఫైలు సీడీలో ఉండదు. అప్పట్లో తనే దాన్ని తన కంప్యూటరు వంటింట్లో పెట్టుకున్నాడు. ప్రోగ్రాం ఇప్పుడూ వంటింట్లోనే వెతుకుతోంది, మూటలో దొరక్కపోతే బయటి కంప్యూటరు వంటింట్లో చూస్తోంది. పాత డిస్కు నుంచి దింపిన ఫైళ్ళతో పాటు ఆ ఫైలూ పెన్‌డ్రైవులోనే ఉంది. కానీ మూట బయట ఉంది.

దాన్ని దాదాపీర్ వంటింట్లో పెట్టేస్తే రెప్పపాటులో రంగులు వస్తాయి. ఒక్క ఫైలు. కొట్టులో ఎవరూ లేరు. ఎదురుగా మసీదు నుంచి పిలుపు అప్పుడే ఆగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈరన్న కొట్టు ఊరికి ఆ చివర.

చేయి మౌసు మీదికి పోయింది. చెంబెడు నీళ్ళతో వంగిన తాత వీపు కళ్ళముందు మెదిలింది. తిప్పేస్వామి చేయి వెనక్కి తీసుకున్నాడు. పెన్‌డ్రైవు ఊడదీసి జేబులో వేసుకుని ఎండలోకి నడిచాడు.

దాదాపీర్ తిరిగి వచ్చేసరికి కొట్టు ఖాళీ. "పారిపోయినాడు! మళ్ళీ ముంచినాడు!" అంటూ ఆదరాబాదరా బిల్లు ఒకటి తీసి చూశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మరొకటి తీశాడు. అదీ బాగుంది. అతనికేమీ అర్థం కాలేదు. ఎంతో సేపటికి, చొక్కా చెమటతో తడిసి ముద్దయి తిప్పేస్వామి వచ్చాడు.

"యాడికి పోయినావప్పా?"

"ఒక ఫైలు మరిచిపోయినా దాదన్నా. ఈరన్న దగ్గరికి పోయి మూటలో పెట్టించుకొని వచ్చినా."

"ఒక్క ఫైలుకు ఇంత ఎండలోనా? ఈడే యాడో ఒకచోట పెట్టేసుకుంటే నాకేం తెలుస్తుంది?"

"నీకు తెలీదు. నీ కంప్యూటరుకు తెలుస్తుంది," అన్నాడు తిప్పేస్వామి.

దాదాపీర్ లేచి కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చాడు.

ఈసారి నెమలి నీలం, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో విచ్చుకుంది. ఠకఠకమని అట్టలకు చిల్లులు పడ్డాయి. పని అయ్యాక తిప్పేస్వామి మూట ఊడదీసుకున్నాడు. దాదాపీర్ కంప్యూటరంతా వెతికి, "నువ్వు వచ్చిపోయినట్టే లేదే!" అన్నాడు. జీవితంలో తిప్పేస్వామికి దక్కిన అతిపెద్ద మెప్పు అదే.

కొంగు నేయడం అయినరోజు ఓబులమ్మ నెమలి మెడ మీద చేయి వేసి తడుముకుంది. "ఇంకా సిగ్గుపడతానే ఉంది," అంది. కళ్ళు తుడుచుకుని, "మొదటి పెళ్ళిపత్రిక దాదాపీర్ ఇంటికి పోవల్ల," అంది.

ఆ తరువాత తిప్పేస్వామిని చూసి ముసుగు కప్పినవాళ్ళే కుర్చీలు తుడిచి పిలిచారు. పోయినచోటల్లా అతను ఆ మూటే విప్పాడు, ఆ మూటే కట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఆ పూల గుడ్డల ముసుగులూ లేవు, ఆ లావుపాటి కంప్యూటర్లూ లేవు. బొమ్మల తాత పెట్టె ఏ ఇంటి అటక మీద ఉందో తెలియదు. ఓబులమ్మ మనవరాలి బీరువాలో ఆ నెమలి మాత్రం ఇంకా మెడ వంచుకునే ఉందట.

సరే, ఇక లేవండి. ఇళ్ళల్లో సంగటి చల్లారిపోతుంది, అమ్మలు కేకలేస్తారు. పోయి వేడివేడిగా తినండి. ఆగండాగండి, అట్లా పరుగెత్తడం కాదు! ముందు ఆ వేరుశెనగ పొట్టు ఎత్తండి, చాప దులిపి చుట్టండి. ఈ కథ నీతి ఇదే: ఒకరి ఇంటికి పోయేటప్పుడు మనకు కావలసింది మనమే మోసుకుపోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మన మంచిపేరు తప్ప ఇంకే గుర్తూ అక్కడ వదిలి రాకూడదు.