మమతలో రెండో ‘మ’

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా తనకు నచ్చిన ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని బయలుదేరతారు. అడిగినవాళ్లు వెంట నడవాలి.

చీరాలలో ఆయన దగ్గర లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ నేర్చుకునేవాళ్లలో నసీమా మంచి పనిమంతురాలు, కాస్త పట్టుదల మనిషి. ఒక ఆదివారం కీబోర్డు డ్రైవర్, అంటే నొక్కిన మీటలను కంప్యూటర్‌కు అందించే ప్రోగ్రాం, దాని అమరికల గురించి పాఠం నడుస్తోంది. చేతులు వణికేవారి కోసం అందులో ఒక సదుపాయం ఉంది. ఒకే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే, రెండో నొక్కును అది వదిలేస్తుంది. నసీమాకు ఇది సబబుగా తోచలేదు.

“మీట నొక్కిన మాట నిజమే కదా సార్. నొక్కలేదని మనం యంత్రానికి చెప్పడం ఏమిటి? ఉన్నది ఉన్నట్టు అందించడమే కదా డ్రైవర్ పని?” అంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ పక్కనే ఉన్న పేరాలలో ఎస్తేరు టీచర్ ఇంటికి వెళ్లారు. ఆవిడ చాలాకాలం బడిలో తెలుగు చెప్పిన మనిషి. ఆ ఏడాది పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి కదలదు, కుడి చేతిలో వణుకు ఉండిపోయింది. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే ఉంది. టైపు చేసింది పైకి చదివే కంప్యూటరొకటి మాస్టారే తెచ్చి పెట్టారు. కానీ వేలు వణికి ప్రతి అక్షరమూ రెండేసి, మూడేసి పడేది. గుణింతం గుర్తు రెండుసార్లు పడితే పక్కన చుక్కల సున్నా మొలిచేది. పిల్లల రాతల్లో ఒక్క దీర్ఘం తప్పినా ఊరుకోని మనిషి, తన మాటలను అలా చూసుకోలేక టైపు చేయడం మానేసింది. ఏదైనా కావాలంటే బల్ల మీద తట్టేది. కూతురు వచ్చేది.

ఆ కూతురే తలుపు తీసి, టీ పెడతానని లోపలికి వెళ్లింది. నసీమా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ సదుపాయం అమర్చింది. ఏ వణుకూ జారిపోకుండా, రెండు నొక్కుల మధ్య ఉండాల్సిన గడువు కాస్త ఎక్కువే పెట్టింది. “ఇప్పుడు చూడండి టీచర్ గారూ” అంది. ఎస్తేరు టీచర్ వేలు ఆనించింది. ‘అమ్మ’ అని వచ్చింది, శుభ్రంగా. రెండు ‘మ’ల మధ్య పొల్లు మీట ఒకటి నొక్కాలి కాబట్టి ఒత్తుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆవిడ ముఖం విప్పారింది. కొంచెం ఆలోచించి ఇంకో మాట కొట్టింది.

“మత” అని చదివింది కంప్యూటర్.

మళ్లీ కొట్టింది. మళ్లీ “మత” అనే చదివింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

నసీమా అర్థం కాక మాస్టారి వైపు చూసింది. “వాళ్లమ్మాయి పేరు మమత” అన్నారాయన మెల్లగా. మాట పడిపోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు.

ఆ పేరు కొట్టాలంటే ఒకే మీట వరసగా రెండుసార్లు నొక్కాలి. డ్రైవర్ రెండోదాన్నీ వణుకే అనుకుని మింగేస్తోంది. “కొంచెం ఆగి నొక్కండి టీచర్ గారూ” అంది నసీమా. ఆగబోతే వణుకు ఇంకా పెరిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇక చాలన్నట్టు.

నసీమా కుర్చీ దగ్గరగా జరుపుకుంది. తన అరచేతిని ఆవిడ మణికట్టు కింద పెట్టి, “ఏమీ రాయొద్దు. ఊరికే ‘మ’ నొక్కుతూ ఉండండి” అంది. చాలాసేపు తెర వైపు చూడలేదు. ఆ చెయ్యి బరువు తెలుసుకుంటూ కూర్చుంది. వణుకు వల్ల పడే రెండో నొక్కు మొదటిదాని వెంటే, వేలు సరిగా లేవకముందే పడుతోంది. ఆవిడ కావాలని నొక్కేటప్పుడు మాత్రం మణికట్టు ముందు రవ్వంత తేలుతోంది. నసీమా గడువు తగ్గించింది. మూడు ‘మ’లు పడ్డాయి. కొద్దిగా పెంచింది, మళ్లీ తగ్గించింది. లోపల టీ మరిగిన వాసన వస్తోంది. మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డారు.

“మమత” అంది కంప్యూటర్, ఎటువంటి స్వరమూ లేని గొంతుతో.

“ఆఁ, వస్తున్నానమ్మా” అని వంటింట్లోంచి జవాబొచ్చింది. ఆ వెంటనే గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

మమత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి ఆమెను చూస్తూనే వేలు ఆనించి మళ్లీ పిలిచింది. మమత వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని తల్లి మోకాలికి చెంప ఆనించింది. “ఇక్కడే ఉన్నానమ్మా” అంది. టీ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు నసీమా, “ఇంకొక్కటి అడుగుతాను సార్. రెండోసారి నొక్కింది వణుకో, ఆవిడో, డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది?” అంది.

“దానికి తెలియదమ్మా” అన్నారు మాస్టారు. “నీకెలా తెలిసింది?”